స్క్రోల్ సాకు ఏ కర్ర కొనాలి? బెంగళూరు వాళ్లకు ఒక పోలిక

స్క్రోల్ సా (సన్నని బ్లేడు పైకీ కిందికీ ఆడుతూ వంపులు కోసే రంపం మిషన్) కొత్తగా కొన్నవాళ్లు కర్ర డిపోకి వెళ్లే ముందు అడిగేది దాదాపు ఒకటే: టేకు తెచ్చుకోవాలా, రోజ్‌వుడ్ తెచ్చుకోవాలా? మొదట్లో రెండూ వద్దంటాను. టేకు గొప్పదన్న మాట మనకి గుమ్మాల దగ్గర, మంచాల దగ్గర అలవాటైంది. గుమ్మానికి చెద పట్టకూడదు, వానకీ ఎండకీ తట్టుకోవాలి. మిల్లీమీటరు వెడల్పు బ్లేడుతో నెమలి పింఛం కోసేవాడికి ఆ గుణాలతో పనేముంది? కర్ర మాడకుండా బ్లేడు మెలిక తిరగాలి, అంచున పీచు లేవకూడదు, బెజ్జాల మధ్య మిగిలే రెండు మిల్లీమీటర్ల సన్నని వంతెన చేతిలో విరక్కూడదు. అందుకే ముందు ఏం చేయబోతున్నారో తేల్చుకోండి. కర్ర సంగతి ఆ తర్వాత.

డిపోకి వెళ్లే ముందు చూసుకోవాల్సినవి

మొదట మీ మిషన్‌నే చూడండి. చవక మిషన్లలో చాలావాటికి పిన్ ఉన్న బ్లేడ్లే పడతాయి. ఆ పిన్ దూరాలంటే 3 మి.మీ. పైన బెజ్జం వేయాలి. పిన్ లేని బ్లేడుకు 1 మి.మీ. బెజ్జం చాలు. అంటే పిన్ మిషన్ ఉన్నవాళ్లు సన్నని జాలీ పని మీద ఆశ పెట్టుకోకుండా బొమ్మలు, పజిళ్లు, అక్షరాలు, ఇన్‌టార్షియా (రకరకాల కర్ర ముక్కలతో బొమ్మ కూర్చే పని) వైపు వెళ్లడం మేలు. కర్ర ఎంపిక కూడా అక్కడే సగం తేలిపోతుంది.

తర్వాత మందం. బ్లేడు నంబరు పెరిగేకొద్దీ పళ్లు పెద్దవవుతాయి. 3 నుంచి 6 మి.మీ. పలకకి 1 లేదా 3 నంబరు, 12 నుంచి 18 మి.మీ. కర్రకి 5, అంతకు మించితే 7 లేదా 9. గట్టి కర్ర అయితే ఒక నంబరు పైకి, మెత్తని కర్ర అయితే ఒక నంబరు కిందికి. కర్ర ఎంత గట్టిదో పోల్చడానికి జాంకా అనే కొలత ఉంది, అంకె పెరిగేకొద్దీ కర్ర గట్టిది. అందులో చెర్రీ 950, వాల్‌నట్ 1010, టేకు 1070, యాష్ 1320, హార్డ్ మేపుల్ 1450. ఈ అంకెలు చూసి టేకూ వాల్‌నట్టూ ఒకటేనని అనుకోకండి. టేకులో సిలికా ఉంటుంది. ఒకే బొమ్మ రెండు కర్రల్లోనూ కోస్తే, టేకు దగ్గర బ్లేడు చాలా ముందుగా మొద్దుబారుతుంది.

మూడోది తేమ. బెంగళూరు సుమారు 900 మీటర్ల ఎత్తులో ఉంది కాబట్టి చెన్నై అంత ఉక్క లేదు, కానీ మార్చిలో గాలి ఎంత పొడిగా ఉంటుందో ఆగస్టులో అంత తడిగా ఉంటుంది. 10-12 శాతం తేమకి ఆరిన కర్ర కొనండి. కోత మిల్లు దగ్గర దొరికే పచ్చి కర్రని పలకలుగా చీల్చుకుని వెంటనే పని మొదలుపెడితే, పని పూర్తయ్యేలోపే పలక మెలి తిరుగుతుంది. తేమ మీటరు చిన్నది ఒకటి జేబులో ఉంటే డిపోలో వాదించే పని తగ్గుతుంది.

నాలుగోది పొట్టు. ఏ కర్ర పొట్టయినా ఊపిరితిత్తులకి మంచిది కాదు. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లోనే చెక్క పొట్టుని క్యాన్సర్ కారకాల మొదటి జాబితాలో చేర్చింది. రోజ్‌వుడ్, టేకు, సిల్వర్ ఓక్ పొట్టు కొందరికి చర్మం మీద దద్దుర్లు తెస్తుంది. ఫ్లాట్ బాల్కనీలో పని చేసేవాళ్లు ఎన్95 మాస్కు, చిన్న వాక్యూమ్ రెండూ కర్ర ఖర్చులోనే వేసుకోండి.

ఒక్క చూపులో

| కర్ర | కోతకి | సన్న పనికి | రంగు | ఖర్చు |
|---|---|---|---|---|
| గుమ్మడి టేకు (అసలు టేకు కాదు) | చాలా సులువు | ఫర్వాలేదు | లేత గోధుమ, పెద్దగా మారదు | తక్కువ |
| అంకుడు | సులువు | బాగుంటుంది | దంతపు తెలుపు | తక్కువ, వెడల్పు పలక దొరకదు |
| సిల్వర్ ఓక్ | సులువు, పీచు లేస్తుంది | వద్దు | లేత గులాబీ గోధుమ | తక్కువ |
| మామిడి | మధ్యస్థం | వద్దు | చారలను బట్టి మారుతుంది | తక్కువ |
| నిద్రగన్నేరు | మధ్యస్థం | వద్దు | చాక్లెట్, అంచు తెలుపు | తక్కువ |
| పనస | మధ్యస్థం | ఫర్వాలేదు | పసుపు, తర్వాత గోధుమ | మధ్యస్థం |
| వేగిస | గట్టి | ఫర్వాలేదు | బంగారు గోధుమ | మధ్యస్థం |
| టేకు | బ్లేడ్లు తింటుంది | ఫర్వాలేదు | బంగారు గోధుమ | ఎక్కువ |
| రోజ్‌వుడ్ | నెమ్మది | బాగుంటుంది | ఊదా గోధుమ | చాలా ఎక్కువ |
| బీచ్ | మధ్యస్థం | బాగుంటుంది | లేత గులాబీ | మధ్యస్థం |
| వాల్‌నట్ | సులువు | చాలా బాగుంటుంది | ముదురు, ఏళ్లు గడిస్తే పలచబడుతుంది | ఎక్కువ |
| హార్డ్ మేపుల్ | మాడుతుంది | చాలా బాగుంటుంది | తెలుపు | ఎక్కువ |
| బర్చ్ ప్లై | సులువు | అన్నిటికంటే భద్రం | లేత | మధ్యస్థం |

జాలీ పని, పేరు పలకలు

ఇక్కడే ఎక్కువ కర్ర వృథా అవుతుంది, కాబట్టి కాస్త నిదానంగా చూద్దాం. జాలీ పనిలో బొమ్మ నిలిచేది మిగిలిన సన్నని వంతెనల మీద. వంతెన గ్రెయిన్ (కర్రలో పీచు నడిచే దిక్కు) వెంబడి ఉంటే 2 మి.మీ. అయినా నిలుస్తుంది. గ్రెయిన్‌కి అడ్డంగా ఉంటే అదే 2 మి.మీ. శాండ్ పేపరు తగిలిన మరుక్షణం ఊడి వస్తుంది. గుండ్రటి డిజైన్‌లో వంతెనలు అన్ని దిక్కులకీ పోతాయి కాబట్టి ఏదో ఒక మూల విరగడం ఖాయం. పొరలు అడ్డంగా నిలువుగా అతికించిన ప్లైవుడ్‌కి ఈ బాధ ఉండదు. మన డిపోల్లో దొరికే మామూలు 6 మి.మీ. ప్లైలో మధ్య పొరల్లో ఖాళీలు ఉంటాయి. సన్నని చోట సరిగ్గా అక్కడే ఖాళీ తగిలితే ముక్క చేతికి వస్తుంది. అందుకే సన్నని జాలీకి 3 లేదా 4 మి.మీ. బర్చ్ ప్లై వాడమంటాను. "అసలు కర్ర కాదు" అని చిన్నచూపు చూసేవాళ్లు ఉంటారు. వాళ్ల జాలీలు ఎన్ని గోడ దాకా చేరాయో అడగండి.

అసలు కర్రే కావాలంటే వాల్‌నట్. మెత్తగా తెగుతుంది, అంచు శుభ్రంగా వస్తుంది, ఎండినా తడిసినా పెద్దగా కదలదు. దిగుమతి సరుకు కాబట్టి ధర కళ్లు తిరిగేలా ఉంటుంది, కానీ 5 మి.మీ. పలకగా చీల్చుకుంటే ఒక్కో బొమ్మకి పడేది అంత భయపెట్టదు. మేపుల్ అంచు ఇంకా పదునుగా వస్తుంది గానీ మలుపు దగ్గర ఒక్క క్షణం ఆగితే నల్లగా మాడుతుంది. చెర్రీ అయితే చెప్పనక్కర్లేదు. డిజైన్ కాగితం మీద పార్సిల్ టేపు అంటించి కోస్తే మాడడం బాగా తగ్గుతుంది. ఆ టేపు పైపూత బ్లేడుకి నూనెలా పనిచేస్తుంది.

తెలుగు అక్షరాలతో పేరు పలకలు చేసేవాళ్లకి ఇంకో చిక్కు ఉంది. మన అక్షరాలు గుండ్రంగా ఉంటాయి కాబట్టి స్క్రోల్ సాకి పుట్టినట్టే ఉంటాయి. కానీ "ప", "హ", "ఘ" లాంటి వాటిలో తలకట్టు ఒంటికి తగలదు. అక్షరాన్ని విడిగా కోస్తే తలకట్టు విడి ముక్కై కింద పడుతుంది. బలం కోసమని దాన్ని ఒంటికి కలిపేస్తే "ప" కాస్తా "వ" అవుతుంది, పద్మగారి గుమ్మం మీద వద్మ అని వేలాడుతుంది. కాబట్టి ఇలాంటి అక్షరాలను వెనక పలక మీద అతికించే పద్ధతిలోనే చేయండి, తలకట్టు చోటు ముందే పెన్సిలుతో గుర్తు పెట్టుకోండి. "థ", "ఠ" లోపలి చుక్కలదీ ఇదే తంతు. "శ్రీ"లో ర వత్తు సన్నగా నిలువుగా తిరిగే చోట గ్రెయిన్ అడ్డం పడుతుంది. అక్కడ అక్షరాన్ని కొంచెం బొద్దుగా గీసుకోవాలి.

ఈ పేరు పలకలకే నేను టేకుకి ఓటేస్తాను. 12 మి.మీ. మందం, పెద్ద అక్షరాలు, గుమ్మం బయట వాన జల్లు. టేకు గుణాలన్నీ అక్కడ పనికొస్తాయి. బ్లేడ్లు మాత్రం లెక్కపెట్టకుండా మార్చండి. టేకులో నూనె ఉంటుంది కాబట్టి అతికించే ముందు ఆ చోటుని అసిటోన్‌తో తుడిచి, అది ఆరిన వెంటనే జిగురు పెట్టాలి. మర్నాటికి వాయిదా వేస్తే నూనె మళ్లీ పైకి వస్తుంది.

ఇన్‌టార్షియా: రంగులు కొనే పని

రంగు వేయకుండా రకరకాల కర్ర ముక్కలనే రంగులుగా వాడి, 18-20 మి.మీ. మందంలో కోసి, గుండ్రం చేసి పక్కపక్కన అతికించే పని ఇది. ఇక్కడ వంతెనలు ఉండవు, కాబట్టి పీచు లేచే కర్ర అయినా ఫర్వాలేదు. చూడాల్సింది రంగు, అది ఎన్నాళ్లు అలా ఉంటుందన్నది.

దక్షిణాదిలో ఉన్నవాళ్లకి దిగుమతి సరుకు లేకుండానే చాలా రంగులు దొరుకుతాయి. తెలుపుకి అంకుడు, మీగడ రంగుకి గుమ్మడి టేకు, పసుపుకి పనస, బంగారు గోధుమకి వేగిస, చాక్లెట్‌కి నిద్రగన్నేరు చేవ. నిద్రగన్నేరు బెంగళూరు వీధుల నిండా ఉంది. వేసవి వానల్లో కొమ్మలు విరిగి కార్ల మీద పడే చెట్లలో ఇదీ ఒకటి. మిల్లుల్లో పలకలు తేలిగ్గానే దొరుకుతాయి. లోపలి చేవకీ బయటి తెల్ల చెక్కకీ మధ్య గీత ఎంత స్పష్టంగా ఉంటుందంటే, పక్షి ఒంటినీ పొట్టనీ ఒకే ముక్కలో కోసుకోవచ్చు.

ఇప్పుడు అసలు సంగతి. కొన్న రోజు రంగు అయిదేళ్ల తర్వాత ఉండదు. బొబ్బిలి వీణలు చేసే పనస కర్ర కోసినప్పుడు నిమ్మపండు రంగులో ఉంటుంది, వెలుతురు తగిలేకొద్దీ ముదురు గోధుమలోకి దిగుతుంది. పడౌక్ అనే కర్ర ఎర్రగా మండుతున్నట్టు ఉంటుంది, అదీ చివరికి గోధుమే. చెర్రీ ముదురుతుంది, వాల్‌నట్ పలచబడుతుంది. చిలక ముక్కుకి పడౌక్, ఒంటికి పనస వేసి కిటికీ పక్కన తగిలిస్తే కొన్నేళ్లకి రెండూ దగ్గరి రంగులైపోతాయి. తెలుపూ చాక్లెట్టూ మధ్య తేడా మాత్రం ఏళ్లు గడిచినా చెరగదు. కాబట్టి బొమ్మలో ముఖ్యమైన గీతలు ఆ తేడా మీద నిలబెట్టండి, ఎరుపు పసుపులను అలంకారానికి వాడుకోండి.

పడౌక్ కొనేవాళ్లకి ఇంకొక్కటి. దాని ఎర్రని పొట్టు పక్కనున్న తెల్ల ముక్క రంధ్రాల్లోకి దిగిపోతుంది. తడిగుడ్డతో తుడిస్తే అంకుడు కాస్తా గులాబీ రంగు అవుతుంది. ముక్కలను విడివిడిగా రుద్ది, గాలి ఊది శుభ్రం చేసి, ఒక పూత ఫినిష్ వేశాకే అతికించండి. వేగిసకీ ఈ గుణం కొంత ఉంది. షుగర్‌కి మంచిదని ఆ కర్ర గ్లాసులో నీళ్లు పోసుకు తాగేవాళ్లకి ఆ నీళ్ల రంగు తెలుసు.

పిల్లల బొమ్మలు, పజిళ్లు

ఇక్కడ నా ఎంపిక అంకుడు. ఏటికొప్పాక బొమ్మలు చేసేది దీంతోనే, బెంగళూరుకి 60 కిలోమీటర్ల దూరంలో మైసూరు రోడ్డు మీదున్న చన్నపట్నలో బొమ్మలు చేసేదీ దీంతోనే. అక్కడ ఆలె మర అని అడగాలి. పోగులు దగ్గరగా ఉంటాయి, చీలికలు గుచ్చుకోవు, లక్క రంగు బాగా పడుతుంది. చన్నపట్న వాళ్లు లక్క పూశాక మొగలి ఆకుతో రుద్ది మెరుపు తెస్తారు. అది లేత్ మీద తిరిగే బొమ్మ కాబట్టి కుదురుతుంది, స్క్రోల్ సా బొమ్మకి తేనెమైనం చాలు. చిక్కల్లా కర్ర సన్నని దుంగలుగా వస్తుంది, వెడల్పు పలక రాదు. జంతువుల బొమ్మలకి, చిన్న పజిళ్లకి సరిపోతుంది, పెద్ద మ్యాప్ పజిల్‌కి చాలదు.

వెడల్పు కావాలంటే బీచ్ కర్ర. ఎక్కడ పడితే అక్కడ దొరుకుతుంది, అంచు నున్నగా వస్తుంది. కానీ తేమకి విపరీతంగా కదులుతుంది. ఏప్రిల్‌లో బిగుతుగా అమరిన బీచ్ పజిల్ ఆగస్టులో ఇరుక్కుపోయి, పిల్లవాడు లాగితే పెట్టెతో సహా లేచి వస్తుంది. ఒక నంబరు పెద్ద బ్లేడుతో కోస్తే ఆ సందు సరిపోతుంది.

ఇన్‌లే

ఒక కర్రలో ఇంకో కర్రని పొదిగే పని అంటే మైసూరు గుర్తుకొస్తుంది. రోజ్‌వుడ్ మీద లేత రంగు కర్రల బొమ్మలు అక్కడి పేరున్న పని. స్క్రోల్ సా మీద సులువైన దారి రెండు పలకలను ఒకదాని మీద ఒకటి పెట్టి, టేబుల్ కాస్త వంచి కోయడం. పై ముక్క కింది బెజ్జంలోకి జారి బిగుస్తుంది. 6 మి.మీ. పలకలకి 0.4 మి.మీ. మందం బ్లేడు వాడితే వంపు దాదాపు 4 డిగ్రీలు వస్తుంది. ముందు తుక్కు ముక్కల మీద చూసుకుని అర డిగ్రీ అటూ ఇటూ సర్దండి. దిక్కు మారితే ముక్క వదులైపోతుంది, కాబట్టి బొమ్మ చుట్టూ ఒకే వైపు తిరగాలి.

ఈ పనికి రోజ్‌వుడ్‌ని మించింది లేదు, ఒప్పుకుంటాను. బరువైన కర్ర, నూనె రాయగానే లోతు వస్తుంది. కానీ బిల్లు లేని రోజ్‌వుడ్ కొనకండి. ఆ జాతి దాదాపు మొత్తం 2017 నుంచి సైటిస్ (అరుదైన మొక్కలు, జంతువుల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపు చేసే ఒప్పందం) రెండో అనుబంధంలో ఉంది, విదేశాల్లో ఉన్న అక్కకో తమ్ముడికో పంపాలనుకుంటే ముందు నిబంధనలు చూసుకోవాలి. అదే బొమ్మ వెనక పలకని వాల్‌నట్‌తో చేస్తే ఆ టెన్షన్ ఉండదు. ఇక ఎర్రచందనం, శ్రీగంధం "చిన్న ముక్కే కదా" అని ఎవరైనా చేతిలో పెడితే దండం పెట్టి వచ్చేయండి.

రెండు వైపులా కోసే బొమ్మలు

చదరంగం పావుల్లాంటివి. 40 మి.మీ. చదరపు కర్రని ఒక వైపు కోసి, టేపు చుట్టి, తిప్పి రెండో వైపు కోస్తారు. అంత మందంలో గట్టి కర్ర పెడితే బ్లేడు వంగి అడుగున గీత తప్పుతుంది. గుమ్మడి టేకు తప్ప వేరే ఆలోచన పెట్టుకోకండి.

బెంగళూరులో కొనేటప్పుడు

మైసూరు రోడ్డు పక్కన టింబర్ యార్డ్ లేఅవుట్ పేరే చెబుతోంది కదా. డిపోల యజమానుల్లో గుజరాతీ పటేళ్లు చాలామంది, హిందీ, కన్నడ నడుస్తాయి, తెలుగూ చాలాచోట్ల నడుస్తుంది. ధర ఘనపుటడుగు లెక్కన చెబుతారు. ఒక ఘనపుటడుగు అంటే అంగుళం మందం పలక 12 చదరపు అడుగులు. దాన్ని చీలిస్తే 6 మి.మీ. పలకలు నాలుగు వస్తాయని లెక్క వేసుకుని చాలామంది దెబ్బతింటారు. 25 మి.మీ.లో రెండు కోతలకి రంపం దాదాపు 6 మి.మీ. తినేస్తుంది, మిగిలింది మూడు భాగాలు, చిత్రిక పట్టాక ఒక్కోటి 5 మి.మీ. నికరం. ఘనపుటడుగు ధరని 36తో భాగిస్తే 5 మి.మీ. పలక చదరపు అడుగు ఎంతో తేలుతుంది. చీల్చే కూలి దానికి అదనం.

పెద్ద పలక కొనే అవసరం అన్నిసార్లూ ఉండదు. దిగుమతి కర్రతో ఫర్నిచర్ చేసే వర్క్‌షాపుల్లో వాల్‌నట్, యాష్ తుక్కు ముక్కలు కిలోల లెక్కన ఇచ్చేవాళ్లున్నారు. ఇన్‌టార్షియాకి అంతకంటే ఏం కావాలి. కూల్చిన ఇళ్ల పాత టేకు గుమ్మాలు బాగా ఆరి ఉంటాయి, కానీ ప్రతి అంగుళానికీ అయస్కాంతం తిప్పి మేకులు వెతకాలి. మామిడి కొంటుంటే గుండుసూది మొనంత బెజ్జాలు, వాటి కింద మెత్తని పిండి ఉన్నాయేమో చూడండి. ఉంటే అది పురుగు, ఇంట్లో ఉన్న మిగతా కర్రకీ పడుతుంది. అమ్మేవాడు చెప్పిన జాతి మీద అనుమానం ఉండి డబ్బు పెద్దదైతే, మల్లేశ్వరం 18వ క్రాస్‌లో ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ వుడ్ సైన్స్ అండ్ టెక్నాలజీ ఉంది, అక్కడ కర్ర జాతిని గుర్తించి చెబుతారు. బ్లేడ్లు, 1 మి.మీ. డ్రిల్ బిట్ల కోసం ఎస్‌పీ రోడ్డు వైపు వెళ్లండి.

ఇంతా చదివాక కూడా తేల్చుకోలేకపోతే: ఫ్లాట్‌లో ఉండి ఇప్పుడే నేర్చుకుంటున్నవాళ్లు 12 మి.మీ. గుమ్మడి టేకు, 4 మి.మీ. బర్చ్ ప్లై, 3, 5 నంబరు బ్లేడ్లు ఒక్కో డజను. చేతికి అలవాటై బహుమతులు ఇవ్వాలనుకునేవాళ్లు వాల్‌నట్. అమ్మడానికి చేసేవాళ్లు టేకు, ఎందుకంటే కొనేవాళ్లు ఆ పేరుకే డబ్బు పెడతారు. పిల్లల కోసమైతే అంకుడు. రోజ్‌వుడ్ ఇన్‌లే బాగా వచ్చాకే.

డిపోలో పలక ఎంచుకున్నాక చివరి నుంచి వేలెడు ముక్క కోసి ఇమ్మని అడగండి, సాధారణంగా కాదనరు. కోసిన మొహం మీద నాలుగు చుక్కల నీళ్లు రాస్తే ఫినిష్ వేశాక వచ్చే రంగు అక్కడే కనిపిస్తుంది. ఆ ముక్క వెనక కర్ర పేరు, కొన్న నెల రాసి పెట్టుకుంటే, మళ్లీ అదే రంగు కావాల్సినప్పుడు డిపోకి పట్టుకెళ్లొచ్చు.